మూడు తీగెల బలలైకా... ఎన్ని దేశాలు దాటిందో!

‘డాక్టర్ జివాగో’ సినిమా మీలో చాలామంది చూసే వుంటారు. 1965లో వచ్చింది. ఆ మంచు మైదానాలూ, ఒమర్ షరీఫ్ తడి కళ్ళూ మరచిపోయినా, ‘లారా’ పాట వరస మాత్రం ఒకసారి విన్నవాళ్ళ చెవిలోంచి పోదు. గలగలమంటూ, వణుకుతున్నట్టుగా వినిపించే ఆ తీగెల వాద్యం పేరు బలలైకా. సినిమాలో అది తల్లి వదిలి వెళ్ళిన ఆస్తి. తల్లి నుంచి కొడుక్కి, అతని నుంచి మనవరాలికి చేరుతుంది.

తెర వెనుక జరిగిన కథ అంతకంటే బాగుంటుంది. సంగీతం కట్టిన మారిస్ జార్ ఫ్రెంచివాడు. ఆయనకు ఒకటీ రెండూ కాదు, ఇరవైకి పైగా బలలైకాలు కావాలనిపించింది. హాలీవుడ్‌లో అంత పెద్ద స్టూడియో ఆర్కెస్ట్రాలో వెతికితే ఆ వాద్యం తెలిసినవాళ్ళు లేరు! చివరికి లాస్ ఏంజిలస్‌లోని ఒక రష్యన్ చర్చికి వచ్చేవాళ్ళలో దొరికారు. వాళ్ళకు నొటేషన్ చదవడం రాదు. చెవితో విని నేర్చుకున్నవాళ్ళే అందరూ. కావలసిన ఆ నాలుగు ముక్కలూ ఆయన దగ్గర కూర్చోబెట్టుకుని కంఠస్థం చేయించాడు. ఆ సంగీతానికి ఆస్కార్ వచ్చింది.

మరి ఆ చర్చికి వచ్చేవాళ్ళెవరు? ఎక్కడో రష్యా పల్లెల్లో పుట్టిన వాద్యాన్ని సముద్రాలు దాటించి అక్కడిదాకా ఎందుకు మోసుకొచ్చారు? పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో వున్న తల్లులంతా తెలుసుకోవలసిన కథ ఇది. రండి, మొదటినుంచీ చెప్పుకుందాం.

బళ్ళకెత్తి తగలబెట్టారు!

విశాలాంధ్ర షాపుల్లో చవగ్గా దొరికిన సోవియట్ పిల్లల పుస్తకాలు మీ ఇంట్లో వుండేవా? ఆ బొమ్మల్లో ముక్కోణపు వాద్యం పట్టుకున్న రైతు కనిపించే వుంటాడు. అదే బలలైకా. మూడు మూలలు, మూడు తీగెలు. మామూలు సైజు దానిలో రెండు తీగెలు ఒకే స్వరానికి, మూడోది కాస్త పై స్వరానికి శ్రుతి చేస్తారు. మన లెక్కలో సా-సా-మా అన్నమాట. మీటు పుల్ల అక్కరలేదు. చూపుడువేలితో కిందికీ పైకీ గబగబా కొట్టడమే.

పూర్వం రష్యాలో ఊరూరా తిరిగి ఆడి పాడే స్కొమొరోఖులనే వాళ్ళుండేవారు. మన పగటివేషగాళ్ళ లాంటివాళ్ళు. వాళ్ళ పాటలు జనాన్ని చెడగొడుతున్నాయని మతపెద్దలకు కోపం. 1648లో జార్ చక్రవర్తి అలెక్సేయ్ వాళ్ళను నిషేధించాడు. ఆ కాలంలో మాస్కోలో అయిదు బళ్ళ నిండా వాద్యాలెత్తించి నది ఒడ్డున తగలబెట్టించారని ఓలియారియస్ అనే జర్మన్ యాత్రికుడు రాసిపెట్టాడు.

అయినా పల్లెవాళ్ళు ఊరుకుంటారా? ఇంట్లో వున్న చెక్కముక్కలతోనే తయారుచేసుకున్నారు. బలలైకా పేరు కాగితం మీద మొదటిసారి కనిపించేది 1688లో. అదీ ఎలాగంటే, కావలివాళ్ళను గేలిచేస్తూ బలలైకా వాయించిన ఇద్దర్ని పట్టుకున్నట్టు రాసిన పత్రంలో!

జమీందారు బిడ్డ, కూలివాడి బలలైకా

రెండు వందల ఏళ్ళ పాటు అది పొలం గట్టునే వుండిపోయింది. 1883లో వసీలీ అంద్రేయెవ్ అనే 22 ఏళ్ళ సంపన్నుల బిడ్డ తన ఎస్టేటులో పని మనిషి అంతీప్ వాయిస్తుండగా విన్నాడు. అంద్రేయెవ్ వయొలిన్ నేర్చినవాడు. మూడు తీగెల నాటు వాద్యంలో ఇంత జోరు ఎక్కడిదని ఆశ్చర్యపోయాడు. మంచి పనివాళ్ళను పట్టుకుని, మేలైన కర్రతో, సరిగ్గా అమర్చిన మెట్లతో కొత్త బలలైకాలు చేయించాడు. వాళ్ళలో సెమ్యోన్ నలీమొవ్ అనే పల్లెటూరి వడ్రంగికి తరువాత ఎంత పేరొచ్చిందంటే, బలలైకాల స్ట్రాడివేరియస్ అని పిలిచేవారు.

అంద్రేయెవ్ బృందం 1888 మార్చి 20న సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో మొదటిసారి కచేరీ చేసింది. వాయించినవాళ్ళు గట్టిగా పది మంది లేరు. మరుసటి ఏడాదే పారిస్ ఎగ్జిబిషన్‌కు వెళ్ళింది. 1896లో డోమ్రా అనే గుండ్రటి వాద్యాన్ని కూడా కలుపుకుని పెద్ద ఆర్కెస్ట్రా అయింది.

అందుకే ‘అనాదిగా వస్తున్న రష్యన్ జానపద వాద్యబృందం’ అని ఎవరైనా చెబితే నవ్వుకోండి. పాటలు పాతవే. వాద్యాలూ పాతవే. అందర్నీ ఒక చోట కూర్చోబెట్టి వాయించే ఈ పద్ధతి వయసు మాత్రం 140 ఏళ్ళ లోపే!

ఇదొక ఉమ్మడి కుటుంబం

ఈ ఆర్కెస్ట్రా చూస్తే మన పాతకాలపు ఉమ్మడి కుటుంబం గుర్తుకొస్తుంది. బలలైకాలే అయిదు సైజులు. అన్నిటికంటే చిన్నది ప్రీమా. ఒళ్ళో పెట్టుకుని వాయిస్తారు. దాని తరువాత సెకుండా, ఆల్టో, బాస్. ఇంటి పెద్ద కాంట్రాబాస్! మనిషంత ఎత్తుంటుంది. ఒక మూల నేలకు ఆనించి, తోలుముక్కతో మీటుతారు. ఎత్తుకెళ్ళాలంటే కారులో ఒక సీటు దానికే.

పాట వరస చెప్పేది ఎక్కువగా డోమ్రాలు. పుల్లతో గబగబా మీటితే స్వరం తెగకుండా సాగుతుంది. మాండొలిన్ అనగానే మనకు పాలకొల్లు శ్రీనివాస్ గుర్తొస్తారు కదూ! ఆ మాండొలిన్‌కు డోమ్రా దూరపు చుట్టంలా వుంటుంది. వీటికి తోడు బల్ల మీద పరుచుకుని వాయించే గూస్లీ. మన స్వరమండలంలాగే ఎన్నో తీగెలు. ఆపైన బయాన్. ఇది రెండువైపులా బొత్తాలున్న అకార్డియన్. లోపల గాలికి పలికే రీడ్ల సూత్రం మన హార్మోనియంలోదే.

ఇందులో ఒక తెలివి వుంది, గమనించారా? డోమ్రా, ప్రీమా బాగా వాయించాలంటే ఏళ్ళ తరబడి సాధన కావాలి. సెకుండా, ఆల్టోలకు మాత్రం తాళం తప్పకుండా శ్రుతులు వేస్తే చాలు. కొన్ని వారాల్లోనే కొత్తవాళ్ళు కూడా బృందంలో కూర్చోగలరు. అంద్రేయెవ్ ఈ పద్ధతిలోనే సైనికులకు నేర్పాడు. పటాలంలో నౌకరీ ముగిసి ఇళ్ళకు వెళ్తూ వాళ్ళు బలలైకాను ఊళ్ళకు పట్టుకెళ్ళారు. పండితుడూ పామరుడూ ఒకే వరుసలో కూర్చునే ఈ ఏర్పాటే పరాయిదేశంలో దీనిని కాపాడింది. ఎలాగో ముందు ముందు మీకే తెలుస్తుంది.

వంటింటి గరిటెలు కూడా వాద్యాలే!

మన పత్రిక చదివేవాళ్ళకు ఇది మరీ నచ్చుతుంది. తాళానికి వీళ్ళు వాడే వాటిలో సగం ఇంటి సామానే! లోష్కీ అంటే రంగులు వేసిన చెక్క చెంచాలు. రెండు చెంచాలు వీపు వీపు ఆనేలా ఒక చేతి వేళ్ళ మధ్య పట్టుకుని, మూడోదానితో కొడతారు. మోకాలి మీద, భుజం మీద, అరచేతి మీద తాటిస్తూ వుంటే గుర్రం డెక్కల చప్పుడు వస్తుంది.

రూబెల్ అని ఇంకొకటి. ఇది అసలు బట్టలకు వాడే గాడీల చెక్క. ఇస్త్రీపెట్టెలు లేని రోజుల్లో ఉతికిన బట్టను కర్రకు చుట్టి, దీనితో దొర్లించి మడతలు పోగొట్టేవారు. దాని గాడీల మీద చెంచా గీస్తే గరగరమని తాళం! చిన్న చిన్న చెక్కపలకలు తాడుకు గుచ్చిన త్రెషోత్కా మన హరికథ చిడతలకు అక్కచెల్లెలే.

సెలవుల్లో పిల్లలు విసిగిస్తున్నారా? రెండు చెక్క గరిటెలు చేతికిచ్చి, వీపు వీపు తాకించి మోకాలికీ అరచేతికీ మధ్య కొట్టమనండి. ఓ గంట మీకు విశ్రాంతి... చెవులకు తప్ప!

మూటాముల్లె సర్దుకుని...

1910-11లో అంద్రేయెవ్ బృందం అమెరికాలో పర్యటించినప్పుడే అక్కడ బలలైకా పిచ్చి పట్టుకుంది. ఆ తరువాతి ఏళ్ళలో కిరిలోఫ్ బృందం వంటివి అక్కడే గ్రామఫోను రికార్డులు కూడా ఇచ్చాయి. అసలు వలస మొదలైంది 1917 విప్లవం తరువాత. పది లక్షల నుంచి ఇరవై లక్షల దాకా జనం దేశం విడిచారంటారు. పారిస్‌లో మాజీ సైన్యాధికారులు టాక్సీలు నడిపారు. వేళ్ళు ఆడేవాళ్ళు రష్యన్ హోటళ్ళలో బలలైకా వాయించి పొట్టపోసుకున్నారు. ఏ వాద్యం నాటుదని ఒకప్పుడు గొప్పింటివాళ్ళు ముక్కు విరిచారో, అదే పరాయి ఊళ్ళో వాళ్ళకు అన్నం పెట్టింది. కాలమహిమ అంటే ఇదే కదా!

ఇంకొందరు తూర్పు దారి పట్టి చైనాలోని హార్బిన్ చేరారు. 1898లో రష్యన్ రైల్వే కోసం వెలసిన ఊరది. చర్చిలు, బళ్ళు, నాటకశాలలతో ఓ చిన్న రష్యాలా వుండేది. చైనాలో 1949లో ప్రభుత్వం మారాక 1950లలో అక్కణ్ణుంచి మళ్ళీ ప్రయాణం. ఆస్ట్రేలియాకు కొందరు, బ్రెజిల్‌కు కొందరు, అమెరికాకు కొందరు. ఒకే జన్మలో రెండుసార్లు ఇల్లు ఖాళీ చేసిన ఆ తల్లుల పెట్టెల్లో ఏమేం పట్టాయో ఊహించుకోండి. దేవుడి పటం, ఫోటోలు, కాసిని బట్టలు. బలలైకా తేలిక. గోడకు తగిలిస్తే స్థలం కూడా తినదు.

రెండో ప్రపంచయుద్ధం తరువాత శరణార్థి శిబిరాల నుంచి ఇంకో అల వచ్చింది. 1970లలో సోవియట్ ప్రభుత్వం అనుమతించిన యూదులు మూడో అల. 1991లో సోవియట్ యూనియన్ విడిపోయాక నాలుగో అల. వీళ్ళకూ మొదటివాళ్ళకూ పెద్ద తేడా వుంది. మాస్కోలోని గ్నేసిన్ సంస్థ 1948లోనే జానపద వాద్యాలకు ప్రత్యేక విభాగం పెట్టింది. బలలైకాలో, డోమ్రాలో డిగ్రీలు తీసుకోవచ్చు! అలా చదువుకున్న పండితులు కూడా వచ్చారన్నమాట.

చర్చి హాల్లో రిహార్సలు, పక్క గదిలో పిరోష్కీ

అమెరికాలో ఈ బృందాలు ఎక్కువగా చర్చి హాళ్ళలో, క్లబ్బుల్లో, విశ్వవిద్యాలయాల్లో పెరిగాయి. వాయించేవాళ్ళకు పగలు వేరే ఉద్యోగాలుంటాయి. సాయంత్రం రిహార్సలు. కచేరీ రోజున పక్క గదిలో ఆడవాళ్ళు క్యాబేజీ, బంగాళాదుంప కూరిన పిరోష్కీలు పేర్చేవాళ్ళు. మన కజ్జికాయకు కారం చుట్టం అనుకోండి. అవి అమ్మిన డబ్బుతో హాలు అద్దె, తీగెల ఖర్చు గడిచేవి. స్టేజీ మీద కనిపించేవాళ్ళ పేర్లు కాగితాలకెక్కుతాయి. పిండి కలిపిన చేతుల పేర్లు ఎక్కవు. ఈ మాట మీకు విడమరచి చెప్పాలా?

అమెరికాకూ సోవియట్ యూనియన్‌కూ పొసగని రోజుల్లో కష్టాలు ఇన్నీ అన్నీ కావు. వాద్యం పగిలితే కొత్తది రావడం గగనం. తాతల నాటి వాటికి అతుకులు వేసుకున్నారు. వడ్రంగం వచ్చినవాళ్ళు సొంతంగా తయారుచేసుకున్నారు. పిల్లల సంగతి సరే సరి. బళ్ళో ఇంగ్లీషు, ఇంట్లో ఇంగ్లీషు. మూడో తరం వచ్చేసరికి అమ్మమ్మ పాడే పాటలో మాటలకు అర్థం తెలియదు. వరస మాత్రం తెలుసు!

ఆ వరస పోకుండా చూడాలని 1978లో కొందరు కలిసి బలలైకా, డోమ్రా వాదకుల సంఘం పెట్టుకున్నారు. ఏటేటా ఏదో ఒక ఊళ్ళో చేరి, కొన్ని రోజుల పాటు గురువుల దగ్గర నేర్చుకుని, చివరి రోజున అందరూ కలిసి కచేరీ చేయడం వాళ్ళ ఆనవాయితీ. మొదటి కచేరీ జరిగి సరిగ్గా వందేళ్ళయిన 1988లో వాషింగ్టన్‌లో ఒక బలలైకా సొసైటీ వెలసింది. దాని ఆర్కెస్ట్రాను చాలా ఏళ్ళు నడిపించింది స్వెత్లానా నికోనొవా. లాస్ ఏంజిలస్ బలలైకా ఆర్కెస్ట్రాను 1995లో స్థాపించింది ఇరీనా ఒర్లోవా. ఇద్దరూ స్త్రీలే! విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో 1997లో ఆర్కెస్ట్రా మొదలుపెట్టిన విక్టర్ గొరొదీన్‌స్కీ ఎవరనుకున్నారు? అక్కడి లైబ్రరీలో పుస్తకాలు చూసుకునే ఉద్యోగి. విద్యార్థులూ, ఊళ్ళోవాళ్ళూ కలిసి వాయించారు.

రష్యన్లు కానివాళ్ళూ వచ్చారు

ఇప్పుడసలు విశేషం వినండి. ఈ బృందాల్లో రష్యన్ రక్తం లేనివాళ్ళు కూడా చాలామంది వుంటారు. స్వీడన్‌లోని స్టాక్‌హోమ్‌లో 1969 నుంచి నడుస్తూ వచ్చిన పెద్ద బలలైకా బృందం స్వీడన్ వాళ్ళది. గిటారు వచ్చిన కాలేజీ కుర్రాడు ఒకరోజు సరదాగా వస్తాడు. ఖాళీగా వున్న ఆల్టో చేతికిస్తారు. పదేళ్ళయినా వదలడు. సొంత పిల్లలు ఆసక్తి చూపని చోట ఇరుగుపొరుగు పిల్లలు ఆ కుర్చీల్లో కూర్చున్నారు.

ఇది అన్యాయమా? మా సంగీతం మావాళ్ళే వాయించాలి అనే పెద్దలు అక్కడా వున్నారు. కానీ ఆ పాటల పుట్టుక చూడండి. రష్యన్ హోటళ్ళలో అందరూ అడిగి పాడించుకునే ‘నల్లని కళ్ళు’ పాటను 1843లో రాసింది హ్రెబింకా అనే ఉక్రెయిన్ కవి. ఆ పాటకు కుదిరిన వరస ఫ్లోరియన్ హెర్మన్ రాసిన వాల్ట్‌జ్. జానపదమనుకునే ‘కలీంకా’ను 1860లో లారియోనొవ్ అనే ఆయన కట్టాడు. మీ పిల్లలు టెట్రిస్ వీడియో గేమ్ ఆడేవారా? ఇటుకలు పడుతుంటే మోగే ఆ వరస ‘కొరొబేయ్‌నికీ’. ఊరూరా తిరిగి సరుకులమ్మే చిల్లర వర్తకుల పాట. పాస్‌పోర్టు లేకుండా పాట ఎన్ని గుమ్మాలు దాటుతుందో చూశారా!

యుద్ధం వేళ

2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీద దాడి చేశాక ఈ బృందాలకు పెద్ద పరీక్ష వచ్చింది. ఎందుకంటే వీటిలో రష్యా నుంచి వచ్చినవాళ్ళూ, ఉక్రెయిన్ నుంచి వచ్చినవాళ్ళూ పక్కపక్కనే కూర్చుంటారు. డోమ్రాలోనే రెండు రకాలు. రష్యాలో ఎక్కువగా వాయించేది మూడు తీగెలది. 1908 ప్రాంతంలో లూబీమొవ్ తయారుచేయించిన నాలుగు తీగెల డోమ్రాకు మాండొలిన్ శ్రుతే. ఉక్రెయిన్‌లో బాగా అలవాటైంది అది. ప్రవాసంలో ఆ రెండూ ఒకే వరుసలో ఒకే పాట వాయించాయి.

ఒకామె అన్నదమ్ములు బాంబుల కింద వుంటే, పక్క కుర్చీలో ఆమెతో కలిసి రష్యన్ పాట వాయించడం ఎలా? బృందం పేరులో ‘రష్యన్’ అన్న మాట వుంచాలా, తీసెయ్యాలా? సైనికుల పాటలు వాయించవచ్చా? ఇలాంటి ప్రశ్నలకు పుస్తకాల్లో జవాబులుండవు. సంగీతానికి హద్దులు లేవని స్టేజీ మీద అనడం తేలిక. కన్నీళ్ళు పెట్టుకున్న మనిషి పక్కన కూర్చుని అనడం కష్టం. పాట కంటే ముందు ఆ మనిషి బాధ వినాలి. ఆ తరువాతే శ్రుతి కలుస్తుంది.

మరి మనకేమిటి?

‘ఎక్కడి రష్యా, ఎక్కడి మనం’ అంటారా? మీ అమ్మాయి డల్లాస్‌లోనో, కోడలు మెల్‌బోర్న్‌లోనో వుంటే మీకు ఈ బాధ తెలిసే వుంటుంది. ఫోనులో ‘తాతయ్యా, అమ్మమ్మా’ అన్న రెండు ముక్కల తరువాత మనవడు ఇంగ్లీషులోకి జారుకుంటాడు. ‘తెలుగు రాదు, ఇక అంతే’ అని మనం నిట్టూరుస్తాం.

మాటలు మరచిపోయినా వరస గుర్తుంచుకున్న పిల్లలు ఆ చర్చి హాళ్ళలో వున్నారు. ఆ రష్యన్ తల్లులు పెద్ద పెద్ద పథకాలేమీ వేయలేదు. వాళ్ళు చేసినవి చిన్న పనులు. వారానికొక సాయంత్రం కేటాయించారు. వచ్చినవాళ్ళకు తినడానికి ఏదో ఒకటి పెట్టారు. ఏమీ రానివాడికి కూడా వాయించగలిగిన చిన్న భాగం చేతికిచ్చారు. ‘నీకు రాదు, నువ్వు తప్పుకో’ అనలేదు.

మనింట్లో ఏం చేస్తాం? పిల్ల ఒక గమకం తప్పితే ‘నీకు సంగీతం రాదులే’ అని తీర్పు చెప్పేస్తాం. మనవడు తెలుగు ముక్క వంకరగా పలికితే పకపకా నవ్వుతాం. వాడు మళ్ళీ నోరెత్తడు. ఈసారి నవ్వకుండా చూడండి. పాట మొత్తం రాకపోతే పల్లవి చాలు. పల్లవి కూడా రాకపోతే చిడతలు చేతికివ్వండి, తాళం వేస్తాడు. పక్కింటి అమెరికా పిల్ల కూడా వచ్చి కూర్చుంటే కాదనకండి. రేపు మీ పాటను నిలబెట్టేది ఆ పిల్లే కావచ్చు!

పిల్లల దగ్గరకు వెళ్ళినప్పుడు ఆ చుట్టుపక్కల బలలైకా కచేరీ వుందేమో కనుక్కోండి. చాలావాటికి టిక్కెట్టు ఖరీదు పెద్దగా వుండదు. ముందు వరుస డోమ్రాలనే చూస్తూ కూర్చోకండి. వెనక వరుసలో శ్రుతి వేస్తున్న ముసలమ్మనీ, చెంచాలు కొడుతున్న చిన్నవాణ్ణీ కూడా చూడండి. ఆ సంగీతం ఇన్నాళ్ళు బతికింది ముఖ్యంగా వాళ్ళ చేతుల్లోనే.